కెనడా ట్రిప్‌లో అక్కడి తిండి: బీఫ్, పోర్క్ తినని వాళ్ళకి, గుడ్డు కూడా ముట్టని వాళ్ళకి ఏవి కుదురుతాయి?

గోదారిగట్టు:
సెప్టెంబర్‌లో టొరంటోలో దిగి, ఒట్టావా, మాంట్రియల్ చూసుకుని, చివర్లో వాంకూవర్ వెళ్తున్నాం. ఇండియన్ రెస్టారెంట్ల లిస్టు వద్దండీ, అవి ఎలాగూ దొరుకుతాయి. అక్కడివాళ్ళు ఇష్టంగా తినేవి రుచి చూడాలని ఉంది. నేను, మా ఆవిడ చికెన్, చేపలు తింటాం. బీఫ్, పోర్క్ తినం. అమ్మానాన్న పూర్తి శాకాహారులు, కేకులో గుడ్డు ఉన్నా వద్దంటారు. పుటీన్ తినండి, మేపుల్ సిరప్ కొనండి అని అందరూ చెబుతున్నారు గానీ, దేంట్లో ఏం కలుస్తుందో, ఎక్కడ తింటే బాగుంటుందో ఎవరూ చెప్పట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

మౌంట్‌రాయల్ మెట్లు:
పుటీన్‌ని మాంట్రియల్ దాకా ఆపుకోండి. ఫ్రైస్ మీద తాజా చీజ్ ముక్కలు (చీజ్ కర్డ్స్) వేసి గ్రేవీ పోస్తే అదే పుటీన్. అది 1950లలో మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రపు పల్లెల్లో పుట్టిన వంటకం, ఇప్పటికీ అక్కడే బాగుంటుంది. కారణం చీజ్. చీజ్ కర్డ్స్ తయారైన రోజే తింటే పంటి కింద కీచుమంటాయి. ఫ్రిజ్‌లో పెడితే ఆ కీచు పోయి మామూలు చీజ్ ముక్కలైపోతాయి. అందుకే క్యూబెక్‌లో వీధి చివర ఉండే చిన్న దుకాణాల్లో, వాటిని దెపనూర్ అంటారు, ఆ రోజు వచ్చిన కర్డ్స్ ప్యాకెట్లు ఫ్రిజ్‌లో కాకుండా కౌంటర్ మీదే ఉంటాయి. ఒక ప్యాకెట్ కొని ఊరికే తిని చూడండి. మంచి పుటీన్‌లో బంగాళాదుంపలు రెండుసార్లు వేయిస్తారు, కర్డ్స్ చల్లగా ఉండవు, గ్రేవీ పొగలు కక్కుతూ పైన పడుతుంది. కర్డ్స్ అంచులు మెత్తబడాలి గానీ కరిగి తీగలు సాగకూడదు. తురిమిన మోజరెల్లా కనిపిస్తే అది మీరు వెతుకుతున్నది కాదు. పార్సిల్ అసలు వద్దు, పది పదిహేను నిమిషాల్లో ఫ్రైస్ నాని ముద్దయిపోతాయి.

ఇక అసలు చిక్కు గ్రేవీలోనే ఉంది. మామూలు గ్రేవీ బీఫ్ స్టాక్‌తోనో, చికెన్ స్టాక్‌తోనో, రెండూ కలిపో చేస్తారు (స్టాక్ అంటే ఎముకలు, మాంసం ఉడికించిన నీళ్ళు). పైకి ముక్క కనపడదు కాబట్టి "మాంసం ఉందా" అని అడిగితే లేదనే అంటారు. "గ్రేవీ దేని స్టాక్‌తో చేశారు?" అని అడగండి. మీ ఇద్దరికీ కూడా ఇది ముఖ్యమే. మాంట్రియల్‌లో చాలా చోట్ల వెజిటేరియన్ గ్రేవీ ఉంటుంది, కానీ అడిగితేనే పోస్తారు. ఫ్రైస్ వేయించే నూనెలోనే చికెన్ కూడా వేయిస్తారా అన్నది రెండో ప్రశ్న. కర్డ్స్‌లో జంతువుల రెన్నెట్ (పాలు విరగడానికి వేసే, దూడ కడుపులోంచి తీసే ఎంజైమ్) ఉంటే అమ్మానాన్నకి అభ్యంతరమైతే, ప్యాకెట్ మీద మైక్రోబియల్ ఎంజైమ్ అని ఉన్నది చూసుకోండి.

బేగెల్స్ (మధ్యలో చిల్లుండే గుండ్రటి రొట్టెలు) కోసం మాంట్రియల్‌లోని మైల్ ఎండ్ పేటకి వెళ్ళండి. సెయింట్ వియాటర్, ఫెయిర్‌మౌంట్ రెండు షాపులూ నడిచే దూరంలోనే ఉన్నాయి. పిండి చుట్టి, తేనె కలిపిన నీళ్ళలో ఉడికించి, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పిండిలో ఉప్పు వెయ్యరు, అందుకే కాస్త తీపిగా ఉంటుంది. నువ్వులది తీసుకోండి, పొయ్యిలోంచి తీసినది తీసినట్టే, ఏమీ పూయకుండా. మర్నాటికి గట్టిపడిపోతుంది. మాంట్రియల్ పద్ధతి పిండిలో గుడ్డు కలపడం మామూలే, కాబట్టి పెద్దవాళ్ళకి ఇచ్చేముందు అడగండి. స్మోక్డ్ మీట్ అని ప్రతి గైడూ చెబుతుంది, అది బీఫ్, వదిలెయ్యండి.

సెప్టెంబర్ కాబట్టి పెద్దవాళ్ళని జ్యాన్ తలాన్ మార్కెట్‌కి తప్పకుండా తీసుకెళ్ళండి. క్యూబెక్ మొక్కజొన్న, అప్పుడే కోసిన యాపిల్స్, కాగితం లాంటి తొడుగులో ఉండే చిన్న పసుపు గ్రౌండ్ చెర్రీలు. అవి మన బుడ్డకాయల జాతే, కాస్త పైనాపిల్ రుచి తగులుతుంది. గుడ్డు, మాంసం అనుమానం లేకుండా కడుపునిండా తినగలిగే చోటు అది.

లేక్‌షోర్ లత:
ఒంటారియో సంగతి నేను చెబుతాను. టొరంటో సెయింట్ లారెన్స్ మార్కెట్‌లో అందరూ తినమనే పీమీల్ బేకన్ శాండ్‌విచ్ పోర్క్. అయినా మార్కెట్ చూడదగ్గది, సోమవారం మాత్రం పెట్టుకోకండి, మూసి ఉంటుంది.

బటర్ టార్ట్ ఈ రాష్ట్రం గర్వంగా చెప్పుకునే తీపి. వెన్న, చక్కెర, సిరప్, గుడ్డు కలిపిన పాకం చిన్న గిన్నెలాంటి పిండిలో పోసి కాలుస్తారు. పాకం జారుడుగా ఉన్నది బాగుంటుందా, గట్టిగా ఉన్నదా, ఎండుద్రాక్ష వెయ్యాలా వద్దా అని ఇక్కడ జనం తగువులాడుకుంటారు. నా ఓటు జారుడు దానికి, ఎండుద్రాక్ష లేకుండా. మీ ఇద్దరూ గమనించాల్సింది వేరే ఉంది: పైపిండి పొరలు పొరలుగా రావడానికి చాలా బేకరీలు లార్డ్ వాడతాయి, అంటే పంది కొవ్వు. యాపిల్ పై, బ్లూబెర్రీ పై కూడా అంతే. లోపల పండే కదా అని పెద్దవాళ్ళకి ఇచ్చేస్తారు, పిండిలో లార్డ్, పైన మెరుపు కోసం గుడ్డు పూత. పిండి వెన్నతో చేశారా, షార్టెనింగ్‌తోనా (మన డాల్డా లాంటిది), లార్డ్‌తోనా అని అడగండి, బేకరీవాళ్ళు విసుక్కోరు.

ఒట్టావాలో బైవర్డ్ మార్కెట్‌లో బీవర్‌టెయిల్ దుకాణం 1980 నుంచి ఉంది. పొడుగ్గా సాగదీసిన గోధుమపిండిని నూనెలో వేయించి దాల్చినచెక్క, చక్కెర చల్లుతారు. చాక్లెట్లు, బిస్కెట్లు పోసినవాటి జోలికి పోవద్దు, పిండి రుచి తెలియదు. కిల్లలూ సన్‌రైజ్ అని ఒకటుంది, దాల్చినచెక్క చక్కెర మీద నిమ్మకాయ పిండుతారు, అది అడగండి. వేడి తగ్గితే నూనె వాసన వస్తుంది, అక్కడే నిలబడి తినెయ్యాలి. పెద్దవాళ్ళకి ముందు అలెర్జెన్ చార్ట్ (దేంట్లో గుడ్డు, పాలు, గింజల్లాంటివి ఉన్నాయో రాసే పట్టిక) చూపించమనండి, గుడ్డు సంగతి అందులో తేలిపోతుంది. ఒట్టావాలో శాకాహారులకి ఇంకో దారి లెబనీస్ షవర్మా షాపులు. ఆ ఊరి జనం అర్ధరాత్రి ఆకలికి వెళ్ళేది అక్కడికే. ఫలాఫెల్, వెల్లుల్లి బంగాళాదుంప ముక్కలు తీసుకోండి. వెల్లుల్లి సాస్‌లో గుడ్డుతో చేసే మయోనైజ్ కలిపారా అని మాత్రం అడగాలి.

సూపర్ మార్కెట్‌లో కెచప్ చిప్స్, ఆల్ డ్రెస్డ్ (రకరకాల రుచులు కలిపిన) చిప్స్, కాఫీ క్రిస్ప్ చాక్లెట్ తీసుకోండి. ప్యాకెట్ సరుకులో గుడ్డు ఉంటే లేబుల్ మీద రాయడం తప్పనిసరి.

ఇంగ్లిష్ బే:
వాంకూవర్‌లో మీ ఇద్దరికీ పండగే. గ్రాన్‌విల్ ఐలండ్ మార్కెట్‌లో క్యాండీడ్ సామన్ అడగండి. చేప ముక్కల్ని ఉప్పు, బ్రౌన్ షుగర్ లేదా మేపుల్ సిరప్‌లో నానబెట్టి పొగలో వేడిగా ఉడికిస్తారు, పైన మెరుస్తూ తీపి పట్టి ఉంటుంది. వంద గ్రాములు ఇద్దరికి చాలు, తీపి ఎక్కువ. స్పాట్ ప్రాన్స్ అనే ఇక్కడి రొయ్యల గురించి ఎవరైనా చెబితే, తాజావి దొరికేది మే నెల ప్రాంతంలో. సుషీ షాపుల్లో బీసీ రోల్ ఈ ఊరిదే, కాల్చిన సామన్ తోలు, దోసకాయ పెట్టి చుడతారు.

నానైమో బార్ మూడు పొరల తీపి, ఓవెన్ అక్కర్లేదు. మధ్య పసుపు పొరలో వాడే కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డు ఉండదు కాబట్టి అందరూ శాకాహారమే అనుకుంటారు. అసలు పద్ధతిలో అడుగు పొర గట్టిపడటానికి కోకో, వెన్నతోపాటు ఒక గుడ్డు కలుపుతారు. వీగన్ అని రాసి ఉంటే తప్ప పెద్దవాళ్ళకి వద్దు.

మేపుల్ సంగతి. మంచు మీద పోసే టాఫీ మార్చి, ఏప్రిల్ సరదా, సెప్టెంబర్‌లో దానికోసం తిరగొద్దు. సిరప్ కొనేటప్పుడు వంద శాతం ప్యూర్ అని ఉండాలి. పాన్‌కేక్ సిరప్, టేబుల్ సిరప్ అన్నవి ఎక్కువగా కార్న్ సిరప్. సుమారు 40 లీటర్ల చెట్టు రసం కాస్తే ఒక లీటరు వస్తుంది, అందుకే ఆ ధర. గోల్డెన్ రకం మృదువు, దోసెల మీద పోసుకోవడానికి ఆంబర్, వంటలోకి డార్క్. ఎయిర్‌పోర్టు సీసాలకన్నా మాంట్రియల్ సూపర్ మార్కెట్‌లో 540 మిల్లీలీటర్ల డబ్బా చాలా చవక, పగలదు కూడా. చెక్ ఇన్ సామానులోనే పెట్టండి. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టకపోతే బూజు పడుతుంది. మేపుల్ బటర్‌లో వెన్న ఉండదు, సిరప్‌నే కాచి చల్లార్చి చిలుకుతారు, అమ్మానాన్నకి నిక్షేపంగా ఇవ్వచ్చు.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ, లార్డ్ సంగతి అస్సలు తెలియదు. రెండు డౌట్లు: సూపులు నమ్మొచ్చా? మెనూలో ఉన్న ధరకి ఇంకెంత కలుస్తుంది?

లేక్‌షోర్ లత:
సూపులు అడక్కుండా తీసుకోకండి. ఫ్రెంచ్ ఆనియన్ సూప్‌కి సాధారణంగా బీఫ్ స్టాక్, క్యూబెక్ బఠానీపప్పు సూప్‌లో హామ్ (పంది మాంసం), అక్కడి బేక్డ్ బీన్స్‌లో పంది కొవ్వు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో చిన్న చేపలు, గుడ్డు ఉంటాయి.

రెస్టారెంట్ బిల్లు మీద పన్ను ఒంటారియోలో 13 శాతం, క్యూబెక్‌లో రెండు పన్నులూ కలిపి దాదాపు 15, వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియాలో తిండికి 5. కూర్చుని తింటే టిప్పు 15 నుంచి 18 శాతం మామూలు. క్యూబెక్ తప్ప మిగతా చోట్ల కార్డు మెషిన్ తరచూ పన్నుతో కలిపిన మొత్తం మీద టిప్పు లెక్కేస్తుంది, కావాలంటే అంకె మీరే కొట్టుకోవచ్చు. కౌంటర్లో తీసుకుని వెళ్ళిపోయేచోట ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకోటి, టార్ట్‌లు, డోనట్‌లు ఆరు కలిపి పార్సిల్ తీసుకుంటే పన్ను పడదు, ఐదు తీసుకుంటే పడుతుంది.