పల్నాడు ఎండకి మోనో పెర్క్ సోలార్ ప్యానెల్ చాలా, టాప్‌కాన్ కావాలా?

మాచర్ల డాబా: పీఎం సూర్యఘర్ (ఇంటి మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ పథకం) కింద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టిద్దామని చూస్తున్నాం. మోనో పెర్క్, టాప్‌కాన్ అని రెండు రకాల ప్యానెళ్లు చెప్తున్నారు. ఒకాయన మోనో పెర్క్ చాలంటాడు, ఇంకొకాయన టాప్‌కాన్ అయితే ఎఫిషియెన్సీ 22 శాతం పైనే, యూనిట్లు బాగా ఎక్కువొస్తాయి అని రేటు పెంచి చెప్తున్నాడు. మే నెలలో ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే కదా. నిజంగా తేడా ఎంతుంటుంది? మేడ మీద పడమర వైపు వాటర్ ట్యాంకు ఉంది, అది కూడా చూసి చెప్పండి.

వాట్ల లెక్క: అన్నా, ముందు ఆ 22 శాతం మాట పక్కన పెట్టండి. ఎఫిషియెన్సీ ఎక్కువైతే అదే 3 కిలోవాట్లు తక్కువ జాగాలో పడతాయి, అంతే. మీకు డాబా చాలినంత ఉంటే దానికి డబ్బులు ఎక్కువ పెట్టక్కర్లేదు. మీరు చూడాల్సింది డేటాషీట్‌లో టెంపరేచర్ కోఎఫిషియెంట్, అంటే వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే పవర్ ఎంత తగ్గుతుందో చెప్పే అంకె. ప్యానెల్ మీద రాసిన వాట్లు అందులోని సోలార్ సెల్ 25 డిగ్రీలున్నప్పుడు కొలిచినవి, మన వేసవి మధ్యాహ్నం సెల్ 65 దాకా పోతుంది. 25 దాటాక డిగ్రీకి పెర్క్ సుమారు 0.35 శాతం, టాప్‌కాన్ 0.30 శాతం పోగొట్టుకుంటాయి, అంటే 40 డిగ్రీల మీద 14 శాతం, 12 శాతం. మీ 3 కిలోవాట్ల మీద తేడా 60 వాట్లు, ఒక పాత సీలింగ్ ఫ్యాను తినేంత కూడా కాదు. అదీ మిట్టమధ్యాహ్నం మాత్రమే.

గుంటూరు సోలార్: లెక్క సరైనదే గానీ ఒక్క వేసవితో తేల్చేస్తే ఎలా? పెర్క్‌కి మామూలుగా మొదటి ఏడాది 2 శాతం, తర్వాత ఏడాదికి 0.55 శాతం తరుగుదల రాస్తారు, టాప్‌కాన్‌కి 1 శాతం, 0.4 శాతం. పాతికేళ్లకి ఇది పెద్ద తేడానే. రేటు కొంచెమే ఎక్కువైతే నేను టాప్‌కానే తీసుకోమంటాను. ఏది తీసుకున్నా డీసీఆర్ (సెల్, ప్యానెల్ రెండూ మన దేశంలోనే చేసినది) ప్యానెలేనా అని కాగితం మీద చూసుకోండి, సెల్ కూడా ఇక్కడ తయారైనది కాకపోతే 78,000 సబ్సిడీ రాదు.

మాచర్ల డాబా: మరి ట్యాంకు?

వాట్ల లెక్క: అసలు నష్టం అక్కడే. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలుపుతారు, ఒక మూల నీడ పడ్డా ఆ ప్యానెల్లో కొంత భాగం పనిచేయడం మానేస్తుంది. చలికాలం సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు కాబట్టి సాయంత్రం ట్యాంకు నీడ ఈశాన్యం వైపు బాగా సాగుతుంది, ఆ వైపు ప్యానెల్ పెట్టనివ్వకండి. డిసెంబర్ నీడ ఎక్కడిదాకా వస్తుందో లెక్కేసి చూపించమని అడగండి. స్లాబుకి ఆనించి పెడితే కింద గాలి ఆడక సెల్ ఇంకా వేడెక్కుతుంది, ఎత్తు స్టాండు వేయించండి.

గుంటూరు సోలార్: మీ వైపు సిమెంటు దుమ్ము కూడా ఉంటుంది, మంచు పడితే అట్టకట్టేస్తుంది. పొద్దున్నే కడగండి, కాలే అద్దం మీద చన్నీళ్లు కొట్టొద్దు. ఉప్పు బోరు నీళ్లయితే ఆరకముందే తుడిచేయాలి, లేకపోతే తెల్లమరకలు పడి వదలవు.