డే లిల్లీకి ఆకులే తప్ప పూలు లేవు, మొదలు కూడా ఊడుతోంది

మిద్దెతోట_ఉప్పల్:
నమస్కారమండీ. మిద్దె మీద 12 అంగుళాల గ్రో బ్యాగ్‌లో డే లిల్లీ ఉంది. సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు), సగం వర్మీకంపోస్ట్. పొద్దున మూడు గంటలు ఎండ తగులుతుంది. రోజూ బోరు నీళ్లు పోస్తాను, నెలకోసారి ఆవ చెక్క నానబెట్టిన నీళ్లు. రెండేళ్లుగా గుబురుగా పెరుగుతోంది కానీ ఒక్క పూల కాడా వేయలేదు. ఈ వానలకు కొత్త ఆకులు పసుపెక్కాయి. ఒక పక్క ఆకులు పట్టుకుంటే చేతికే వచ్చేస్తున్నాయి. ఏం చేయాలి?

పూలబాట:
ముందు అది డే లిల్లీయేనా చూడండి. మొదలు దగ్గర మట్టి కొంచెం గీకితే ఉల్లిగడ్డ లాంటి గడ్డ కనిపిస్తే అది రెయిన్ లిల్లీయో అమరిల్లిసో అయి ఉంటుంది. డే లిల్లీకి గడ్డ ఉండదు, కండగల వేళ్ల గుత్తి ఉంటుంది. ఆకులు విసనకర్రలా రెండు వైపులా విచ్చుకుంటాయి.

డే లిల్లీయే అయితే పూలు రాకపోవడానికి కారణం మీరు రాసినదాంట్లోనే ఉంది. మూడు గంటల ఎండ ఆకులకు సరిపోతుంది, పూలకు కనీసం ఆరు గంటలు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం 50 శాతం షేడ్ నెట్ వేయండి. ముదురు ఎరుపు, ఊదా రంగుల పూలు ఆ ఎండకు మాడిపోతాయి. ఇక ఆవ చెక్క ఆపేయండి. అందులో నత్రజని ఎక్కువ, మీ గుబురంతా దాని చలవే.

నల్లరేగడి:
చేతికి వస్తున్నది కుళ్లు. కోకోపీట్ తడిని పట్టి ఉంచుతుంది, పైగా రోజూ నీళ్లు, ఆపై వాన. ఆకులు వేళ్లు కలిసే చోటే ముందు మెత్తబడుతుంది. ఇప్పుడే బయటికి తీయండి, పూల సంగతి తర్వాత.

బ్యాగ్ కోసి మొక్క మొత్తం తీసి, వేళ్లకున్న మట్టి కడగండి. పిలకలు చేత్తో మెల్లగా విడదీస్తే వస్తాయి, రాకపోతేనే కత్తి. మెత్తబడినవి, వాసన వచ్చేవి గట్టి భాగం కనిపించే దాకా కోసి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. ఆకులు ఆరు అంగుళాలకు కత్తిరించి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. మధ్యలో మట్టిని చిన్న గుట్టలా చేసి వేళ్లు చుట్టూ పరచి నాటండి. మొదలు అంగుళం లోతు దాటకూడదు. దాటితే మళ్లీ కుళ్లు, మళ్లీ పూలు లేవు. 14 అంగుళాల కుండీకి రెండు మూడు పిలకలు చాలు. పై రెండు అంగుళాల మట్టి ఆరాకే నీళ్లు. మొగ్గలున్నప్పుడు మాత్రం ఎండనివ్వకండి, రాలిపోతాయి.

కుళ్లు లేని మొక్కను విడదీయడానికైతే మనకు వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు మంచివి. మే నెలలో కదిపితే సగం పోతాయి.

మిద్దెతోట_ఉప్పల్:
గడ్డ లేదండీ, వేళ్లే. పొటాష్ కోసం కట్టెల బూడిద వేయొచ్చా?

డాలస్_తోటమాలి:
బోరు నీళ్లు వాడుతూ బూడిద వద్దు. కొత్త ఆకులు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్లతో మట్టి క్షారమై ఇనుము అందదు, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. చీలేటెడ్ ఐరన్‌ను (మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలోని ఇనుము) ప్యాకెట్ మీది మోతాదులో పిచికారీ చేయండి, వీలైతే వాన నీళ్లు పట్టి పోయండి.

రకం పేరు కూడా కనుక్కోండి. చలికి ఆకులు పూర్తిగా ఎండిపోయే డార్మెంట్ రకాలకు గట్టి చలి కావాలి, హైదరాబాద్ చలి వాటికి చాలదు. అందరూ అడిగే 'స్టెల్లా డి ఓరో' డార్మెంటే. మీరు ఏడాదంతా ఆకులు పచ్చగా ఉండే ఎవర్‌గ్రీన్ రకాలు అడగండి. ఆన్‌లైన్‌లో నీలం డే లిల్లీ అని బొమ్మ పెడితే కొనకండి, అచ్చమైన నీలం రంగు ఈ జాతిలో లేదు.

ఎవర్‌గ్రీన్‌కు తుప్పు తెగులు ఏడాది పొడవునా ఉండగలదు. ఆకు అడుగున తెల్ల టిష్యూతో రుద్దండి. నారింజ పొడి అంటితే తుప్పే, ఆ ఆకులు మొదలంటా కోసి పారేయండి.

పూలబాట:
ఇంట్లో పిల్లి ఉంటే దానికి అందకుండా పెట్టండి. ఆకు కొంచెం కొరికినా కిడ్నీలు పాడవుతాయి.