సువార్త సభల ప్రచారం: ఎక్కడ గీత దాటుతున్నాం? (చర్చ)

కాప్రా తమ్ముడు: అందరికీ వందనాలు. మూడు రోజుల సువార్త సభలకి యూత్ వాళ్లు ఫ్లెక్సీ డిజైన్ చేశారు. సగం ఫ్లెక్సీ దైవజనుల (వాక్యం చెప్పే పాస్టర్‌గారి) ఫొటోనే. పైన "వేలాదిగా తరలిరండి, అద్భుతాలు చూడండి" అని ఉంది. గ్రౌండ్ అడ్రస్, టైము మాత్రం కింద చీమల్లా ఉన్నాయి. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి? సభలు నడిపినవాళ్లు చెప్పండి.

లెక్కల పద్దు: ముందు సంఖ్య సంగతి చూడండి బ్రదర్. స్టేజీ మీంచి చూస్తే జనం ఎప్పుడూ ఎక్కువే కనపడతారు. ముందు వరసలు ఒత్తుగా ఉంటాయి, లైట్లు కళ్లలో పడి వెనక ఖాళీ తెలియదు. టెంట్ హౌస్ బిల్లు తీయండి, ఎన్ని కుర్చీలు దిగాయో అందులోనే ఉంటుంది. 1,500 కుర్చీలు వేసి "పదివేల మంది" అని రిపోర్టు పంపితే అది అబద్ధమే. వాక్యం (ప్రసంగం) మొదలైన 20 నిమిషాలకి ఇద్దరు విడివిడిగా ఖాళీ కుర్చీలు లెక్కపెట్టాలి, నిలబడినవాళ్లని వేరే రాయాలి. మూడు రోజులూ కూడి చెప్పకండి. ఒకే మనిషి మూడు సాయంత్రాలు వస్తే ముగ్గురైపోడు.

సికింద్రాబాద్ అక్క: చేతులెత్తినవాళ్లందర్నీ "రక్షణ పొందినవారు" (క్రీస్తుని కొత్తగా నమ్ముకున్నవాళ్లు) అని రాయడం అంతకంటే పెద్ద తప్పు. ప్రార్థన కావాలంటే చేతులెత్తండి అన్నప్పుడు జ్వరమున్నవాళ్లూ ఎత్తుతారు, ఉద్యోగం రానివాళ్లూ ఎత్తుతారు. చేతులెత్తినవాళ్లు నింపే తీర్మాన కార్డులో పేరు, ఫోన్, బస్తీతో పాటు నాలుగు గళ్లు ఉండాలి: మొదటిసారి నమ్ముకున్నారా, దూరమై తిరిగొచ్చారా, స్వస్థత కోసమో కుటుంబం కోసమో ప్రార్థన అడిగారా, ఇప్పటికే ఏ సంఘానికి వెళ్తున్నారు. ఆ నాలుగో గడి లేకపోతే పక్క సంఘం విశ్వాసుల్ని మన సభల ఫలితంగా లెక్కేసుకుంటాం. సభలు ఎంత బాగా జరిగినా కార్డులు బీరువాలో పడుంటే ఏం లాభం? 20 కార్డులకి ఒకరు చొప్పున, ఫోన్ చేసి పలకరించేవాళ్ల పేర్లు సభలకి ముందే రాసుకోండి. రెండు మూడు రోజుల్లో ఫోన్ వెళ్లాలి, వారం దాటితే చాలామంది ఎత్తరు. దగ్గర్లో సంఘం ఉంటే అక్కడికే పంపండి, మన సంఘానికే రమ్మని పట్టుబట్టొద్దు. మూడు నెలల తర్వాత ఎంతమంది నిలిచారో చూసి, ఆ సంఖ్య రిపోర్టులో రాయండి.

పంజాగుట్ట సిస్టర్ (నర్స్): నా భయమంతా సాక్ష్యాల (ప్రార్థనతో జబ్బు తగ్గిందని స్టేజీ మీద చెప్పే మాటల) గురించే. టీబీకి మామూలుగా 6 నెలల కోర్సు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడు స్టేజీ ఎక్కి "మందులు పారేశాను" అంటే జనం చప్పట్లు కొడతారు. మధ్యలో ఆపేస్తే క్రిములు మందులకి లొంగకుండా తయారవ్వొచ్చు, ఆ మనిషి ఇంట్లోవాళ్లకీ అంటించొచ్చు. ఇన్సులిన్ ఆపిన షుగర్ పేషెంట్ అయితే రోజుల్లోనే ఐసీయూకి వెళ్లొచ్చు.

బైబిల్లో మార్కు సువార్త 1:44 చూడండి. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరితోనూ చెప్పొద్దు, వెళ్లి యాజకుడికి కనపరచుకో అన్నాడు. బాగైందని తేల్చాల్సింది ఆ రోజుల్లో యాజకుడే. వాడు వినకుండా ఊరంతా చాటితే, ఆయన బాహాటంగా పట్టణంలోకి వెళ్లలేకపోయాడని తర్వాతి వచనంలోనే ఉంది. మనం కూడా జబ్బున్నప్పటి రిపోర్టు, తగ్గాక రిపోర్టు, చూసిన డాక్టర్ మాట, ఈ మూడూ ఉంటేనే మైకివ్వాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టమే ఉంది. ప్రార్థన నూనెతో క్యాన్సర్ పోతుందని పాంప్లెట్ వేస్తే మాయ మందుల ప్రకటనల మీదున్న 1954 చట్టం చుట్టుకోవచ్చు.

మీడియా టీమ్: యూట్యూబ్ వ్యూస్ చూసి మురిసిపోకండి. డబ్బు పెట్టి యాడ్‌గా నడిపితే వ్యూస్ వస్తాయి. యూట్యూబ్ స్టూడియోలో "సగటున ఎంతసేపు చూశారు" అన్నది తెరవండి. 40 నిమిషాల వాక్యానికి అది ఒక్క నిమిషమే ఉంటే చాలామంది వాక్యం విననట్టే. ఇక యాడ్ కాకుండా బయటివాళ్ల దగ్గర కొన్న దొంగ వ్యూస్ అయితే యూట్యూబ్ నియమాలకే విరుద్ధం, ఛానెల్ పోవచ్చు. థంబ్‌నెయిల్ మీద ఏడుస్తున్న తల్లి ముఖం పెట్టేముందు ఆమెని అడగండి, దయచేసి.

మౌలాలి అన్న: పేరు ముందు "డాక్టర్" ఉంటే ఏ యూనివర్సిటీ, ఏ సంవత్సరం అని అడగండి. యూజీసీ చట్టం, 1956, సెక్షన్ 22 ప్రకారం డిగ్రీలిచ్చే హక్కు యూనివర్సిటీలకి, చట్టం గుర్తించిన సంస్థలకే. హోటల్ హాల్లో శాలువాతో ఇచ్చిన కాగితాన్ని ఫ్లెక్సీకి ఎక్కించకండి. మైకులకి పోలీసు పర్మిషన్ తీసుకోండి, రాత్రి 10కి ఆపేయాలి.

లెక్కల పద్దు: కానుకల క్యూఆర్ కోడ్ సంఘం అకౌంట్‌దే ఉండాలి, దైవజనుల సొంత నంబర్ వద్దు. లైవ్‌లో పెడితే విదేశీయులు కూడా పంపొచ్చు, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. పెట్టెలు ఇద్దరి ఎదుట తెరిచి, నోట్లు రకాలవారీగా రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. బైబిల్లో అపొస్తలుడు పౌలు కూడా చందా ఒక్కడే మోయలేదు, ఎవరూ తప్పుపట్టకూడదని తోడు సహోదరుల్ని పంపాడు (2 కొరింథీ 8).

కాప్రా తమ్ముడు: మార్చాం. ఫొటో చిన్నదైంది. పెద్ద అక్షరాల్లో "సువార్త సభలు, సాయంత్రం 6 నుంచి 9:30, అందరూ రావచ్చు", కింద గ్రౌండ్‌కి బస్సు నంబర్లు. "అద్భుతాలు" తీసేసి "రోగుల కోసం ప్రార్థన చేస్తాం" అని పెట్టాం.

పంజాగుట్ట సిస్టర్ (నర్స్): దాని పక్కనే "డాక్టర్ ఇచ్చిన మందులు ఆపకండి" అని కూడా అంతే సైజులో వేయించు తమ్ముడూ.