పాత రష్యన్ పైరేట్ ప్లేస్టేషన్ డిస్క్‌లోంచి అనువాదాన్ని టెక్స్ట్‌గా తీయడం ఎలా?

1990ల్లో మాస్కో గోర్బూష్కా మార్కెట్లో దొరికిన తరహా ప్లేస్టేషన్ 1 డిస్క్ ఇది. అందులోని రష్యన్ మాటలన్నీ భద్రపరచాలి. సెక్టార్‌కు 2352 బైట్ల చొప్పున బిన్, క్యూ ఇమేజ్ (డిస్క్ పూర్తి నకలు ఫైళ్లు) సిద్ధం. ప్లేస్టేషన్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌లో ఆట నడుస్తోంది.

చిక్కంతా అక్షరాల దగ్గరే. రష్యన్ అక్షరాల ఎన్‌కోడింగ్‌లైన సీపీ 1251తో తెరిచినా, సీపీ 866తో తెరిచినా చెత్తే కనిపిస్తోంది. అనువాదకులు ఇంగ్లిష్ ఫాంట్ బొమ్మలోనే లాటిన్ అక్షరాల గళ్లు చెరిపి రష్యన్ అక్షరాలు గీసినట్టున్నారు. రెండు లిపుల్లోనూ ఒకేలా కనిపించే ఏ, కె, ఎమ్, టి లాంటి పెద్దక్షరాలను అలాగే ఉంచి, మిగతావాటిని ఖాళీ ఉన్నచోటల్లా ఇరికించారు. 33 అక్షరాలకు 26 గళ్లు చాలవు కదా, కొన్ని విరామచిహ్నాలు కూడా బలయ్యాయి! అందుకే రిలేటివ్ సెర్చ్ (అక్షరాల కోడ్‌ల మధ్య తేడాలను బట్టి పదాన్ని వెతకడం) పనిచేయడం లేదు. కోడ్‌లు అక్షరక్రమంలో ఉంటేనే అది పట్టుకుంటుంది.

10 00 00 00 బైట్లతో మొదలయ్యే టిమ్ (ప్లేస్టేషన్ బొమ్మల ఫార్మాట్) ఫైళ్లలో ఫాంట్ కనపడలేదు, బహుశా కంప్రెస్ అయి ఉంటుంది. వీర్యామ్ (గ్రాఫిక్స్ మెమరీ) వ్యూయర్‌లో గళ్ల వరుస చూసి, కోడ్ పట్టిక చేత్తో రాసుకోవడం తప్ప దగ్గరి దారి ఉందా? లేక అసలు ఇంగ్లిష్ డిస్క్ ఫైళ్లతో బైట్ బైట్ పోల్చడమే మేలా? వాక్యాల పొడవు మారితే పాయింటర్లూ (వాక్యాలు ఎక్కడ మొదలవుతాయో చెప్పే చిరునామాలు) జరుగుతాయి, అప్పుడు పోలిక ఎక్కడ తప్పుతుందో అనుభవమున్నవాళ్లు చెప్పగలరా?