డ్రోన్ రవాణా వల్ల జిల్లాకు మిగిలే ఆదాయాన్ని ఎలా లెక్కకట్టాలి?

ఎయిర్ టాక్సీలు, సరకుల డ్రోన్ల వల్ల ఒహాయో రాష్ట్రానికి పాతికేళ్లలో 1,300 కోట్ల డాలర్ల మేలు, 15,000 ఉద్యోగాలు వస్తాయని 2021లో అక్కడి అధ్యయనం అంచనా వేసింది. పీజీ ప్రాజెక్టు కోసం అదే తరహా లెక్కను వికారాబాద్ జిల్లాకు వేయబోయి (2021 సెప్టెంబరులో డ్రోన్లతో టీకాలు, మందులు చేరవేసి చూసింది అక్కడే కనుక ఆ జిల్లాను ఎంచుకున్నాను) మూడు వారాలుగా ఒకేచోట ఆగిపోయాను. జాతీయ ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికను (ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత కొంటుందో చూపే పట్టిక) జిల్లా ఉత్పత్తి వాటా మేరకు కుదిస్తే, బ్యాటరీలు, మోటార్లు, ఆఖరికి రెక్కలు కూడా బయటినుంచే కొనాల్సి ఉన్నా, ఆ ఖర్చంతా జిల్లాలోనే తిరిగినట్టు గుణకం (పెట్టిన ప్రతి రూపాయికి జిల్లాలో మొత్తం ఎన్ని రూపాయల ఉత్పత్తి జరుగుతుందో చెప్పే అంకె) 2.1గా తేలుతోంది, ఇది నమ్మదగ్గ అంకె కాదు. స్థానిక ఉపాధి నిష్పత్తులతో (జిల్లా ఉద్యోగాల్లో ఒక రంగం వాటాను దేశంలో దాని వాటాతో పోల్చే నిష్పత్తులు) సవరించినా 1.9 దగ్గరే నిలిచింది, ఎందుకంటే నా దగ్గరున్న జిల్లా గణాంకాల్లో రవాణా అంతా ఒకే పద్దు. ఇలాంటప్పుడు జిల్లా దాటిపోయే ఖర్చును ఏ పద్ధతిలో వేరుచేయాలి?