లెన్సుకు ఇంట్లో చేసుకున్న కాలర్‌ను నమ్మవచ్చా?

కొల్లేటిగట్టు:
నా దగ్గర ఉన్నది కానన్ 70-200 ఎఫ్ 4 ఎల్, ఐఎస్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేని పాత రకం. బరువు 705 గ్రాములు. దీనికి ట్రైపాడ్ కాలర్, అంటే లెన్సునే మూడుకాళ్ల స్టాండుకు బిగించే ఉంగరం, విడిగా కొనుక్కోవాలి. కెమెరానే ట్రైపాడ్‌కు బిగిస్తే లెన్సు బరువుకు ముందుకు వాలిపోతోంది. కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో గూడకొంగను ఫ్రేములో పెట్టి, మర బిగించి చేయి తీసేసరికి దాని తల పైన తెగిపోతోంది. అందుకే టేకు చెక్కతో కాలర్ చేసుకున్నాను. నెల రోజులుగా వాడుతున్నాను. మా బృందంలోని పెద్దాయన ఒకరు చూసి, లెన్సును పాడుచేసుకుంటావని మందలించారు. మీరేమంటారు?

పాతకటకం:
ఆయన మాటే నా మాట. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. అది కూడా అన్ని వైపులా ఒకేలా కాదు, చెక్కలోని నారకు అడ్డంగా ఎక్కువ. తెల్లవారుజామున మంచులో బిగించింది మధ్యాహ్నానికి వదులైతే ఎవరు చూస్తారు? ప్లాస్టిక్ సంగతీ అంతే. నా మిత్రుడు పీఎల్‌ఏతో త్రీడీ ప్రింటు చేయించుకున్నారు. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో కారు అద్దాలు మూసి ఎండలో వదిలేశారు. సాయంత్రం చూస్తే గుండ్రటి కాలర్ కోడిగుడ్డులా సాగి ఉంది. దాచుకున్న డబ్బుతో కొన్న లెన్సును అలాంటి దానికి అప్పగించకండి.

లేత్‌మిషన్:
పీఎల్‌ఏ విషయంలో మీరన్నది నిజమే. టేకు విషయంలో ఒప్పుకోను. కెమెరాతో కలిపి కిలోన్నర బరువు, టేకుకు అదొక లెక్క కాదు. నాకు భయం కింది మర గురించి. ట్రైపాడ్ మర పావు అంగుళం, అంటే 6.35 మి.మీ., అంగుళానికి 20 చుట్లు. దుకాణంలో పావు అంగుళం నట్టు అడిగితే చాలాసార్లు 6 మి.మీ. నట్టు చేతిలో పెడతారు. చూపుకు రెండూ ఒకటే. కానీ ఒకదాని చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.27 మి.మీ., రెండో దానికి 1 మి.మీ. మర కొద్దిగా ఎక్కి పట్టేస్తుంది, గట్టిగా బిగిసిందనుకుంటాం. లెన్సు కింద పడేది అక్కడే! మీరు ఏ నట్టు వేశారు? లెన్సును ఎక్కడ పట్టుకునేలా చేశారు?

కొల్లేటిగట్టు:
నట్టు పావు అంగుళానిదే. ట్రైపాడ్ పలక మరను దుకాణానికి తీసుకెళ్లి, పూర్తిగా ఎక్కించి చూసి మరీ కొన్నాను. పట్టు జూమ్ రింగు వెనక, మౌంటు (కెమెరాకు తగిలించే చోటు) దగ్గర కదలని భాగం మీద. కాలర్ రెండు సగాలు. ఆ రెండు చెక్కల మధ్య 2 మి.మీ. అట్ట పెట్టి, కలిపి బిగించి లెన్సు పట్టే రంధ్రం చేశాను. తర్వాత అట్ట తీసేశాను. ఆ సందు ఉండబట్టే పక్క బోల్టులు బిగించినప్పుడు చెక్కలు ఒకదానికొకటి తగలకుండా లెన్సును పట్టుకుంటున్నాయి. లోపల సైకిల్ ట్యూబు ముక్క అంటించాను. బిగించిన తర్వాత జూమ్ రింగు మునుపటిలాగే తిరుగుతోంది.

పాతకటకం:
ట్యూబు జారనివ్వదు, సరే. ఊగకుండా ఉంటుందా? సెకనులో 15వ వంతు షట్టరుతో తీసిన ఫొటో చూపించండి.

లేత్‌మిషన్:
మంచి ప్రశ్న. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) బొమ్మను 10 రెట్లు పెద్దది చేసి, లెన్సు కొసను వేలితో తట్టండి. బొమ్మ నిలవడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టండి.

కొల్లేటిగట్టు:
ఇప్పుడే చూశాను. ట్యూబుతో మూడు సెకన్లు పట్టింది. అది పీకేసి పలుచని ఫెల్టు అంటిస్తే ఒక సెకనులోపే నిలిచింది. పాతకటకం గారూ, ఆ ప్రశ్న అడిగినందుకు మీకు రుణపడి ఉంటాను. నెల రోజులుగా ఫొటోలు మసకగా వస్తుంటే గాలి వల్ల అనుకున్నాను.

పాతకటకం:
సంతోషం అండి. ఈ లెన్సుకైతే సరే అంటాను. కానీ రోజూ ఉదయం బోల్టులు ఒకసారి చూసుకోండి, కెమెరా పట్టీ మెడలోంచి తీయకండి. మూడు కిలోల లెన్సుకు చెక్క కాలర్ అంటే మాత్రం మళ్లీ వాదిస్తాను.

లేత్‌మిషన్:
దానికి నేనూ చెక్క వాడను. అల్యూమినియం దిమ్మ లేత్ మీద పెడతాను.