అప్‌డేట్: పాలు చాలడం లేదని అడిగాను కదా, ఇప్పుడు బాబు ఎలా ఉన్నాడంటే

నెల కిందట, కాన్పయిన నాలుగో రోజు మిమ్మల్ని అడిగాను. బాబు గంటగంటకీ ఏడుస్తున్నాడు, 2.9 కిలోల నుంచి 2.7కి తగ్గాడు, డబ్బా పాలు మొదలుపెట్టాలా అని. ధైర్యం చెప్పిన అక్కలందరికీ దండాలు.

డబ్బా అవసరం రాలేదు. మా కావలిలో పిల్లల డాక్టరు గారు చూసి, మొదటి రోజుల్లో అంతమాత్రం తగ్గడం మామూలేనన్నారు. అసలు ఇబ్బంది పట్టించడంలో ఉంది. వాడు చనుమొన కొసనే పట్టుకునేవాడు. అందుకే నాకు పుండ్లు, వాడికి ఆకలి. నర్సమ్మ పక్కన కూర్చుని, వాడు నోరు బాగా తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా, గడ్డం రొమ్ముకి ఆనేలా పట్టించింది. వాడు గుటక వేసిన చప్పుడు అప్పుడే మొదటిసారి విన్నాను. ఏడ్చేశాను.

ఆ తర్వాత గడియారం చూడడం మానేసి, రాత్రిళ్లు కూడా కలిపి రోజుకి 10, 12 సార్లు ఇచ్చాను. బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయి. పాలు పడతాయని అమ్మ జువ్వలదిన్నె నుంచి పాలసొర చేప తెప్పించి పుట్టు (పొడిపొడిగా వేయించిన కూర) చేసింది. కమ్మగా తిన్నాను, కానీ పాలు పెరిగింది బాబు తాగడం వల్లేనని నా నమ్మకం.

14వ రోజుకి 2.95 కిలోలు, ఇప్పుడు 3.6. రోజుకి ఆరేడుసార్లు ఒంటేలు పోస్తున్నాడు. సాయంత్రాలు ఇంకా వదలకుండా తాగుతాడు, కానీ నాకు టెన్షన్ లేదు. చక్కెర నీళ్లు పట్టమన్న పెద్దమ్మ కూడా ఊరుకుంది.

ఒంటేలు తగ్గినా, బిడ్డ తాగకుండా మత్తుగా పడి ఉన్నా మాత్రం ఎవరినీ అడుగుతూ కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.